అవునని నొక్కిన వేలు

"అడిగిందా లేదా?"

"అడిగింది."

"ఏమని అడిగింది?"

బిభాస్ బల్ల మీద పరిచిన పాత తువ్వాలు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. తువ్వాలు మీద లాప్‌టాప్. దాని తెర మీద పొద్దున తొమ్మిదింటి నుంచి కదలకుండా నిలిచిపోయిన నీలిరంగు. ఆ నీలంలో నలభై ఎనిమిది అంకెలు వెయ్యమంటూ ఒక ఖాళీ గడి.

"నిన్నే అడిగేది. ఏమని అడిగింది?"

"కొత్త ప్రాసెసర్ వచ్చింది, పాతదాని గుర్తులు చెరిపెయ్యనా అని... అలాంటిదేదో. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. అవునైతే వై, కాదైతే ఎన్."

"నువ్వు వై నొక్కావ్."

"ఏది అడిగినా వై నొక్కుతాం కాజరీ. చాందినీ బజారులో ఇరవై రెండేళ్ళ నుంచి యంత్రాలు బాగుచేస్తూ అదే నొక్కుతున్నా. నొక్కకపోతే ముందుకు పోదు."

కాజరి తన ఫోను తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. ఎవరో ఎక్కడో ఇదే అవస్థ పడి ఆ నాలుగు వరుసల ఫొటో తీసి పెట్టారు.

"మూడో వరుస చూడు. ఫైళ్ళకి తాళం పడి ఉంటే, తాళం అంకెలు లేకుండా ఇక తెరుచుకోదు అని రాసుంది. గుర్తులు చెరపకముందే చెప్పింది. మర్యాదగా చెప్పింది."

"నాకంత ఇంగ్లీషు..."

"నాకొచ్చుగా? మూడడుగుల దూరంలో నిలబడి గంజి వారుస్తున్నా. ఒక్క కేక వేస్తే నీ సొమ్మేం పోయేది?"

"వెయ్యాల్సింది."

"వేశావా?"

"లేదు."

బయట ఠంఠనియా సందులో వాన పడుతూనే ఉంది. గడపకి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టిన మూడు ఇటుకల్లో రెండు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. ఆ నేల అంతస్తు ఇంట్లో ఇటుకలు చూసి వాన ఎంతో చెబుతారు. మూడో ఇటుక మునిగితే మంచాల కిందవన్నీ మంచాల మీదికి ఎక్కాలి. పోయిన నెల మూడో ఇటుక మునిగిన రాత్రి ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు.

కాజరికి కోపం వస్తే గిన్నెలు చప్పుడు చెయ్యవు. పొద్దుట్నుంచి ఆ ఇంట్లో ఒక్క గిన్నె కూడా చప్పుడు చెయ్యలేదు. వార్చిన అన్నం వార్చినట్టే మూతకింద చల్లబడుతోంది.

నిజానికి బిభాస్ చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు. కడుపుమంట అంతా అక్కడే ఉంది. ఆ లాప్‌టాప్ ఏడేళ్ళ కిందటిది, అప్పటికే నాసిరకం. కాజరి కాలేజ్ స్ట్రీట్ ప్రచురణకర్తలకి ఇంట్లో కూర్చుని పుస్తకాలు కంపోజ్ చేసి ఇస్తుంది. నాలుగొందల పేజీల ఫైలు తెరిస్తే ఆ యంత్రం మూలిగేది. ఒక అక్షరం దిద్దితే అది తెర మీద కనబడేలోపు టీ కాగేది. దసరా పూజల ప్రత్యేక సంచికకి ఒక నవల పేజీలు కడుతున్న ఈ పది రోజుల్లో అయితే గంటకోసారి బిగుసుకుపోయింది.

"ఊళ్ళోవాళ్ళ యంత్రాలన్నీ పరుగులు తీయిస్తావ్. పెళ్ళాం యంత్రం మాత్రం పాకుతూనే ఉంటుంది," అని పోయిన ఆదివారం ఆవిడే అంది. అందులో సగం వేళాకోళం ఉంది, సగం నిజంగానే అంది.

బిభాస్ దాన్ని మనసుకి ఎక్కించుకున్నాడు. ఆ రకం లాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఊడదీసి పెట్టుకునే వీలుండదు, బోర్డుకే అతికించి వస్తుంది. మామూలు మిస్త్రీలు 'కుదరదు, కొత్తది కొనుక్కో' అని పంపేస్తారు. బిభాస్ తెర పగిలి మూలపడ్డ ఒక యంత్రంలోంచి అదే కొలత ఉన్న మెరుగైన చిప్ సంపాదించాడు. వానాకాలం బోర్డు తేమ పీల్చుకుని ఉంటుందని, బిస్కెట్ల రేకుడబ్బాలో అరవై వాట్ల బల్బు వేలాడదీసి బోర్డుని ఒక రాత్రంతా అందులో ఆరబెట్టాడు. అడుగునుంచి నెమ్మదిగా వేడిపెట్టి, పాత చిప్ లేపి, కొత్తదానికింద వందల కొద్దీ సీసపు పూసలు కళ్ళజోడు పెట్టుకుని పేర్చాడు. ఈ ఉదయం మీట నొక్కితే రెండు క్షణాల్లో తెర వెలిగింది. అతను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు కాజరి వంటగదిలోంచి విన్నది.

ఆ ఊపులోనే తెర ఏదో అడిగింది. అతను అవునన్నాడు.

* * *

పదకొండున్నరకి పరితోష్ బాబు ఫోన్ చేశాడు. పూజా సంచిక సంపాదకుడు. మంచివాడే, కాని సెప్టెంబరు దగ్గరపడితే ఏ సంపాదకుడూ మంచివాడు కాదు.

"కాజరీ, పేజీలు ఎంతవరకొచ్చాయి?"

"అయిపోయాయి పరితోష్‌దా. చివరి చూపు చూస్తున్నా."

"చూపులన్నీ పెళ్ళిలో చూసుకుందువుగాని. సాయంత్రం ఐదింటికి ప్రెస్సులో ఆ పేజీలు మెషీను ఎక్కాలి. ఐదు దాటితే తొంభై ఆరు పేజీల్లో ఇంకొకళ్ళ నవల వేసేస్తా. సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు జనం."

"అలా అనకండి. నీహారమాసీమాకి మాటిచ్చారు, ఆవిడ నవలే వేస్తానని."

అవతల పరితోష్ బాబు గొంతు తగ్గింది. "ఆవిడ కోసమే చెబుతున్నానమ్మా. నిన్న కృష్ణనగర్ నుంచి కూతురు ఫోన్ చేసింది. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. ఎడంచేత్తో పలక మీద ఒకటే రాస్తోందట, వచ్చిందా అని. చెరపడం, మళ్ళీ అదే రాయడం. పూజల దాకా ఉంటుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు."

కాజరి గోడకి ఆనుకుంది.

"పోనీ నీ యంత్రం మొరాయిస్తుంటే చెప్పు," అన్నాడు పరితోష్ బాబు. "చేతిరాత ప్రతి పంపించు. నలుగుర్ని కూర్చోబెట్టి సాయంత్రానికి ఎంతైతే అంత కొట్టిస్తా."

"అక్కర్లేదు పరితోష్‌దా. ఐదింటికి తెస్తాను."

ఫోను పెట్టేసి కాజరి వెనకగదిలోకి వెళ్ళింది. అక్కడ బట్టల తీగ మీద ఏడు నోటుపుస్తకాలు నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. నీహారబాల తరఫదార్, ఎనభై ఒకటో ఏట రాసిన మొదటి నవల. బడిలో పాఠాలు చెప్పినంతకాలం ఒక్క వాక్యం రాయని మనిషి. ఇంకుపెన్నుతో, గీతల్లో ఒక్క కొట్టివేత లేకుండా ఏడు పుస్తకాలు రాసి, 'నా దగ్గర ఇంకో ప్రతి లేదమ్మాయ్, జాగ్రత్త' అని స్వయంగా తెచ్చి కాజరి చేతిలో పెట్టింది. అవి మంచం కింద ఉండగానే మూడో ఇటుక మునిగింది. తెల్లారి తీసి చూస్తే కాగితం కాగితంగానే ఉంది, ఇంకు మాత్రం నీళ్ళలో కలిసిపోయింది. ఇప్పుడా పేజీలు అప్పడాల్లా ఎండి, లేతనీలంగా, ఒక్క మాట లేకుండా ఉన్నాయి.

'పోనీలే, మొత్తం లాప్‌టాప్‌లోకి ఎక్కించేశాను కదా' అని అప్పుడు కాజరి తనకి తానే ధైర్యం చెప్పుకుంది.

ఎక్కించింది. కాని ఇంకెక్కడా దాచలేదు. అది ఆవిడ ఒక్కదాని తెలివితక్కువతనం కాదు, ఆ వీధిలో కంపోజింగ్ చేసేవాళ్ళందరి అలవాటు. చివరి ప్రూఫు అయ్యేదాకా ఫైలు ఎవరి చేతికీ ఇవ్వరు. ఇస్తే మిగతా పని ఇంకెవరితోనో చేయించుకుంటారని భయం. అందుకని ఫైలు గడప దాటనివ్వరు, పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఆఖరిరోజే ఎక్కిస్తారు. అచ్చయిన ప్రూఫు మొదటి మూడు అధ్యాయాలకే ఉంది. మిగతా ఇరవై రెండు అధ్యాయాలు ఈ భూమ్మీద ఒక్క చోటే ఉన్నాయి, ఆ నీలంతెర వెనకాల.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్రిస్ భాయ్ మోకాళ్ళదాకా లుంగీ ఎత్తి కట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. చాందినీలో బిభాస్‌కి పని నేర్పింది ఆయనే. కుర్చీలో కూర్చోకుండానే లాప్‌టాప్ తిరగేయించి, అడుగుమూత విప్పించి, జేబులోంచి భూతద్దం తీశాడు.

చాలాసేపు చూశాడు.

"ముద్దు పెట్టుకోవాలనిపిస్తోందిరా," అన్నాడు. "ఒక్క పూస పక్కకి జరగలేదు. నా చేతులు వణక్కముందు నేను కూడా ఇంత శుభ్రంగా పెట్టలేదు."

"పనికొచ్చే మాట చెప్పండి భాయ్," అంది కాజరి.

"పనికొచ్చే మాట లేదమ్మా. అందుకే ఇది చెప్పా."

"పాత చిప్ దాచాను," అన్నాడు బిభాస్ ఆత్రంగా. "మళ్ళీ అదే పెట్టేస్తే?"

"గుర్తులు చెరిపేశావుగా. పాతది తెచ్చి పెట్టినా ఈ ఇంటికి అది కొత్త కోడలే. తాళంచెవి ఎక్కడ పెట్టేవారో దానికేం తెలుసు?" ఇద్రిస్ భాయ్ భూతద్దం జేబులో వేసుకున్నాడు. "వెనకటి రోజుల్లో యంత్రాలకి ఈ తాళాల గోల లేదు. చిప్ మార్చామా, మీట నొక్కామా, అంతే. ఇప్పుడివి ఎవరూ వెయ్యమనకపోయినా లోపల గుట్టుగా గడియ పెట్టుకుంటున్నాయి. మొన్న నా చేతిలోనూ ఒకటి ఇలాగే పోయింది. పెళ్ళి ఫొటోలు. ఆ పిల్ల దుకాణం ముందు కూలబడి ఏడ్చింది."

"ఏ దారీ లేదా?"

"ఒకటే దారి. కొన్న రోజు దీన్ని ఎవరి ఖాతాతో తెరిచారు? అంకెలు ఆ ఖాతాలో ఉంటాయి."

చాందినీలో లాప్‌టాప్ కొన్నవాడికి ఊరికే పెట్టె చేతికివ్వరు. ఖాతా, పాస్‌వర్డు అంటే కొన్నవాడు తెల్లమొహం వేస్తాడు. అందుకని అమ్మేవాడే తన ఖాతాతో తెరిచి, అన్నీ సర్ది, 'ఇక తీసుకెళ్ళి కొట్టుకోవడమే' అని ఇస్తాడు. అదొక మర్యాద. ఆ మర్యాదలో తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుందని ఇద్దరికీ తెలియదు.

కాజరి వంగి తెర అడుగున సన్నటి అక్షరాలు చదివింది. ఖాతా పేరులో మొదటి రెండక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి, మిగతావన్నీ చుక్కలు.

"టి, ఓ," అంది.

బిభాస్ తువ్వాలు అంచు వదిలేశాడు.

ఇద్రిస్ భాయ్ ఇద్దరి ముఖాలూ చూశాడు. ఆ ఇంటి సంగతులు ఆయనకి తెలుసు. బిభాస్ తల్లి పోయిన రోజు నిమ్‌తలా శ్మశానానికి ఆయన కూడా వచ్చాడు. "టీ వద్దులే అమ్మా, నీళ్ళు పెరుగుతున్నాయి," అని, ఎవరూ ఇవ్వని టీని వద్దనేసి, గొడుగు విప్పుకుంటూ ఇటుకలు దాటి వెళ్ళిపోయాడు.

* * *

తోతన్ బిభాస్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. ఏడేళ్ళ కింద చాందినీలో అన్న బల్ల పక్కనే బల్ల వేసుకుని లాప్‌టాప్‌లు అమ్మేవాడు. ఇది అతను అమ్మిందే. ఆ ఏడే సిలిగురి వెళ్ళిపోయాడు, అక్కడే దుకాణం, అక్కడే సంసారం. నాలుగేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు.

"చెయ్యి," అంది కాజరి.

"ఏమని చెయ్యను?"

"అంకెలు కావాలని."

"నాలుగేళ్ళ తర్వాత ఫోన్ చేసి అంకెలు కావాలని అడగనా?"

"మరి నన్ను చెయ్యమంటావా?"

ఆ మాట అన్నాక కాజరి చూపు తప్పించుకుంది. బిభాస్ ఆవిడ వంక చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

ఇద్దరి మధ్యా ఒక సంగతి ఉంది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. కాని పక్క వేసుకున్నప్పుడల్లా, అత్తగారి ఫొటోకి దండ మార్చినప్పుడల్లా అది వాళ్ళతోపాటే ఆ గదిలో ఉండేది.

అత్తగారు మూడేళ్ళు మంచంలో ఉండి పోయింది. ఇలాంటి శ్రావణమాసంలోనే, ఇలాంటి వానలోనే, తెల్లవారుజామున నాలుగింటికి. ఆ మూడేళ్ళూ ఎత్తింది, పడుకోబెట్టింది, కడిగింది కాజరి. తోతన్ పూజలకి రెండుసార్లు వచ్చి, మిఠాయి పెట్టె తల్లి పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చి వెళ్ళాడు. కబురు తెలిసి రైలెక్కాడు. ఒంటిగంటకి బర్ధమాన్ నుంచి ఫోన్ చేశాడు. 'రెండు గంటల్లో వచ్చేస్తా. అమ్మని ఒక్కసారి చూడనివ్వండి. ఆగండి.'

శవాన్ని తీసుకెళ్ళే బండి గుమ్మంలో ఉంది. సందులో నీళ్ళు పెరుగుతున్నాయి. ఆగుదామా అన్నట్టు బిభాస్ కాజరి వంక చూశాడు. ఏ సంగతికైనా అలాగే చూస్తాడు.

"మూడేళ్ళు చూడనివాడికి ఇంకో రెండు గంటలు చూడకపోతే ఏమవుతుంది? బయల్దేరండి," అంది కాజరి.

బిభాస్ సరేనన్నాడు.

వాన ఒక సాకు. నీళ్ళు చీకటి పడితే గాని గడప దాకా రాలేదు. కాజరికి ఆ రోజు ఒకటే కోరిక, ఆ మంచం ఖాళీ కావాలి. ఒక్క పూటైనా ఆ వాసన లేకుండా పడుకోవాలి. వాడొచ్చి ఆ శరీరం మీద పడి ఏడిస్తే, మంచి కొడుకు వాడే అయిపోతాడు, తను మిగలదు అనిపించింది. ఇది తప్పని ఆవిడకి ఆ సాయంత్రమే తెలుసు.

తోతన్ నిమ్‌తలా చేరేసరికి దహనపు కొలిమి ఇనప తలుపు మూసుకుపోయింది. తడిసిన చొక్కాతో ఆ తలుపు ముందు నిలబడి అన్న కాలరు పట్టుకున్నాడు. అప్పుడు బిభాస్ ఎవరూ అడక్కుండానే అన్నాడు: "నేనే బయల్దేరమన్నా. మీ బౌదీ ఆగమని బతిమాలింది. నేనే వినలేదు."

కాజరి పక్కనే ఉంది. నోరు విప్పలేదు.

అప్పట్నుంచి ప్రతి విజయదశమికీ తోతన్ దగ్గర్నుంచి కబురు వస్తుంది, వదినకి మాత్రమే. 'బౌదీ, నీ కాళ్ళకి దణ్ణం. ఆ ఇంట్లో నాకు మిగిలింది నువ్వే.' ఆవిడ 'చల్లగా ఉండు' అని రాసి పంపుతుంది. నాలుగు దశములు గడిచాయి.

* * *

రెండు దాటాక బిభాస్ ఫోన్ చేశాడు. అందరికీ వినిపించేలా పెట్టి బల్ల మీద ఉంచాడు. కాజరి తెల్లకాగితం, పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

నాలుగు రింగులు.

"చెప్పు," అంది అవతలి గొంతు. పిలుపు లేదు.

"తోతన్... నేను దాదాని."

"ఫోన్‌లో పేరు పడింది. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"ఎవరైనా పోతేనే కదా మనింట్లో ఫోన్లు. అది కూడా పోయాక." తోతన్ పక్కకి తిరిగి ఎవరితోనో 'ఆ కేబులు చూపించు, వస్తున్నా' అన్నాడు. "బౌదీ బాగుందా?"

"బాగుంది. ఆవిడ పని మీదే చేశా."

బిభాస్ చెప్పాడు. తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు చేసి, వై నొక్కిన సంగతి రెండుసార్లు చెప్పి ముగించాడు.

తోతన్ నవ్వాడు. "అతికించిన ప్రాసెసర్ పీకి ఇంకోటి పెట్టావా? వానాకాలంలో? నువ్వు తప్ప ఆ పని ఇంకెవడూ చెయ్యలేడు దాదా. వై నొక్కే పనీ నువ్వు తప్ప ఇంకెవడూ చెయ్యడు." ఆ నవ్వులో పాత చనువు ఒక్క క్షణం తొంగిచూసింది. "ఉండు, ఖాతా తెరుస్తా."

మీటల చప్పుడు. కాజరి పెన్ను మూత తీసింది.

"ఉంది. ఆరేసి అంకెల ముక్కలు ఎనిమిది. రాసుకో. మొదటిది. మూడు, ఎనిమిది, ఒకటి, సున్నా, సున్నా, తొమ్మిది."

కాజరి రాసింది. పెన్ను పక్కకి జరిపింది.

రెండో ముక్క రాలేదు.

"తోతన్?"

"దాదా, ఒక్కటి అడుగుతా."

"అడుగు."

"ఆ రోజు ఎందుకాగలేదు?"

బిభాస్ కాజరి వంక చూడలేదు. ఈసారి చూడలేదు. "వాన... సందులో నీళ్ళు వస్తున్నాయని..."

"గడప దాకా నీళ్ళు రాత్రికి గాని రాలేదు. నేను మీ సందులోకి వచ్చా ఆ రాత్రి, గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయా. ఇటుకలు అప్పుడే పెడుతున్నారు. ఎందుకాగలేదు?"

"బండివాడు తొందరపెట్టాడు."

"బండివాడిని అప్పుడే అడిగా. రాత్రి దాకా ఉంటానన్నాడట. దాదా, నేను తగాదాకి అడగడం లేదు. నాలుగేళ్ళయింది, కోపం కూడా అరిగిపోయింది. నాకు కారణం కావాలి. నీకు నా మీద కసి ఉందంటే ఉందని చెప్పు. అమ్మకి నేనంటే ఇష్టమని కుళ్ళంటే అదే చెప్పు. ఏదో ఒకటి, నేను నమ్మేది చెప్పు. నాకు నిద్రలో ఆ ఇనప తలుపే కనబడుతుంది."

పాపం, బిభాస్ దగ్గర ఏ కారణమూ లేదు. ఉంటే గింటే అది ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర ఉంది.

"నేనే... నాకే అలా తోచింది," అన్నాడు చివరికి.

"నీకు తోచిందా? చేపల బజారులో ఏ చేప కొనాలో ఇంటికి ఫోన్ చేసి అడిగే మనిషివి. నీకు తోచిందా?" తోతన్ గొంతు గట్టిపడింది. "బౌదీ అంత బతిమాలినా వినకుండా వెళ్ళావంటే ఏదో పెద్ద కారణమే ఉండాలి. గుర్తు చేసుకో. గుర్తొచ్చాక చెయ్యి. మిగతా ఏడు ముక్కలూ అప్పుడు చదువుతా."

ఫోన్ ఆగిపోయింది.

గోడగడియారం మూడుకి ఐదు తక్కువ చూపిస్తోంది. మూడో ఇటుక అంచు తడిసింది. వాన మాత్రం కాస్త తగ్గింది.

"కాసేపాగి మళ్ళీ చేస్తా," అన్నాడు బిభాస్. "అసూయ అని చెబుతా. వాడే అందించాడుగా, అది చెబితే సరిపోతుంది."

"నీకు అసూయ ఉందా?"

"లేదు."

"మరి?"

"నువ్వు మాట్లాడకు కాజరీ. ఆ సంగతి అక్కడే ఉండనీ. కాదంటే పుస్తకం పోతుంది, పోనీ. పరితోష్ బాబు కాళ్ళు నేను పట్టుకుంటా. కృష్ణనగర్ వెళ్ళి ఆవిడకి నేను చెబుతా, నా వేలు తప్పని. నిజంగానే నా వేలే కదా."

పొద్దుట్నుంచి ఈ మనిషిని ఎన్ని మాటలంది తను. మూడో వరుస చదవలేదని, కేక వెయ్యలేదని, అవును తప్ప ఇంకోటి రాని వేలని. ఆ వేలు ఆ రోజు తన మాటకి కూడా అవునంది. ఆ అవును బరువు నాలుగేళ్ళుగా ఒక్కడే మోస్తున్నాడు, తమ్ముణ్ణి పోగొట్టుకుని మరీ. కాజరికి అతని మీద జాలి వేసింది, తన మీద అసహ్యం వేసింది.

కాగితం మీద ఆరంకెలు ఉన్నాయి. పక్కన ఏడు గడులు తనే గీసి పెట్టుకుంది, ఖాళీగా ఉన్నాయి. కృష్ణనగర్‌లో ఒక ముసలావిడ ఎడంచేత్తో పలక చెరుపుతోంది.

కాజరి తన ఫోను తీసుకుంది.

"వద్దు," అన్నాడు బిభాస్, లేచి నిలబడి. "కాజరీ, వద్దు. ఆ ఒక్కడికైనా నువ్వు మిగలాలి."

ఆవిడ కూడా వినిపించేలా పెట్టింది. తోతన్ ఒక్క రింగుకే ఎత్తాడు.

"బౌదీ!" గొంతే మారిపోయింది. "నువ్వు పక్కనే ఉండి విన్నావా? అయ్యో, నీ పుస్తకానికి ఇంత ముంచుకొచ్చిందని తెలిసీ నేను... నాకు కోపం ఆయన మీద, నీ మీద కాదు. కాగితం తీసుకో. నీకైతే అడగాలా? ఎనిమిదీ చదివేస్తా, రాసుకో."

కాజరి పెన్ను కాగితానికి ఆనింది. ఎదురుగా బిభాస్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు, రాసుకో, రాసేసుకో అని. ఏడు ముక్కలు. రెండు నిమిషాల పని. వెంటనే బస్సెక్కితే నాలుగున్నరకి ప్రెస్సులో ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. వచ్చే దశమికి మళ్ళీ కబురొస్తుంది.

"రెండో ముక్క," అన్నాడు తోతన్. "నాలుగు, ఒకటి, ఆరు..."

నాలుగు రాసింది. ఒకటి రాసింది.

"ఆగు తోతన్."

"ఏం బౌదీ, తొందరగా చదివానా?"

"లేదు. అంకెలు తర్వాత. ముందు నీకు కారణం చెప్పాలి." కాగితం పక్కకి జరిపింది. "ఆ రోజు నేను ఆగమని బతిమాలలేదు. మీ దాదా ఆగుదామన్నట్టే చూశాడు. బయల్దేరమంది నేను. ఎందుకన్నానో కూడా చెబుతా, వింటావా?"

బిభాస్ తల పట్టుకుని మంచం అంచున కూలబడ్డాడు. సిలిగురి దుకాణంలో ఎవరో కేబులు ధర అడుగుతున్న మాట సన్నగా వినిపించింది. దానికి జవాబిచ్చినవాళ్ళు లేరు.

గడియారం మూడు దాటింది. తెర మీద నీలం అలాగే ఉంది. అవతల తోతన్ ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.